డై (ప్లాస్టిక్ పోసే అచ్చు) చేయించకముందే చూసుకోవాల్సిన రిస్కులు: ఒక కూలర్ లెక్క

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. హైదరాబాద్ బాలానగర్‌లో మీది చిన్న యూనిట్. 40 లీటర్ల ఎయిర్ కూలర్ డిజైన్ చేస్తున్నారు. బాడీకి రీసైకిల్డ్ ప్లాస్టిక్, మామూలు మోటార్ బదులు తక్కువ కరెంటుతో నడిచే బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటార్), గడ్డి ప్యాడ్ బదులు తేనెపట్టులాంటి గదులున్న హనీకూంబ్ ప్యాడ్, థర్మోకోల్ లేని ప్యాకింగ్ అనుకున్నారు. పెద్ద ఆర్డర్ ఇస్తానన్న కొనుగోలుదారు పర్యావరణం రిస్కు మీద ఒకటి, ఖర్చు రిస్కు మీద ఒకటి రిపోర్టు అడిగారు. మీరు ఎఫ్ఎంఈఏ (ఏది ఎలా చెడిపోవచ్చో రాసి, ఒక్కోదానికి మార్కులిచ్చే పద్ధతి) ప్రకారం అరవై వరుసల షీటు వేసి, అన్నింటికీ మార్కులిచ్చి, ఏది ముందు పట్టుకోవాలో తేలక ఆగిపోయారు. ఎల్‌సీఏ సాఫ్ట్‌వేర్ (వస్తువు జీవితం మొత్తంలో పర్యావరణం మీద పడే భారాన్ని లెక్కగట్టేది) కొనాలా అని కూడా అడిగారు.

ఈ ఊళ్లో ఫ్యాన్లు, కూలర్లు, పంపుల డిజైన్ పనిలోనే నా సర్వీసంతా గడిచింది. కాబట్టి సూటిగా నా అభిప్రాయం చెప్తాను. రెండు రిపోర్టులు రాయకండి, ఒకటే రాయండి. ప్రతి డిజైన్ నిర్ణయానికి ఒక వరుస. అదే వరుసలో కార్బన్, నీళ్లు, రూపాయలు పక్కపక్కనే ఉండాలి. ఆ వరుసల క్రమాన్ని మార్కులతో నిర్ణయించకండి. "డై అయ్యాక దీన్ని మార్చగలమా?" అన్న ప్రశ్నతో నిర్ణయించండి. మార్చలేనివి పైకి, మార్చగలిగేవి కిందికి. మీ అరవై వరుసల్లో నిజంగా నిద్ర పట్టనివ్వనివి నాలుగైదుకు మించవు.

ఎఫ్ఎంఈఏ మార్కుల మీద నాకు మొదటినుంచీ నమ్మకం తక్కువ. తీవ్రత, ఎంత తరచుగా వస్తుంది, ముందే పట్టుకోగలమా అనే మూడింటినీ గుణిస్తాం కదా. 10, 2, 3 గుణిస్తే 60. 3, 4, 5 గుణించినా 60. మొదటిది షాక్ కొట్టే ప్రమాదం కావచ్చు, రెండోది స్టిక్కర్ ఊడిపోవడం కావచ్చు. షీట్లో రెండూ ఒకే వరుసన కూర్చుంటాయి. ఆటోమొబైల్ వాళ్లే 2019 హ్యాండ్‌బుక్‌లో ఈ గుణకారాన్ని పక్కనపెట్టి యాక్షన్ ప్రయారిటీ అనే పద్ధతికి వెళ్లారు. మీ షీటు వృథా కాదు. ఏమేం చెడిపోవచ్చో మర్చిపోకుండా ఉండటానికి అది మంచి జాబితా. నిర్ణయం మాత్రం దాన్ని అడగకండి.

ఇప్పుడు అసలు లెక్క. ముందు భారమంతా ఎక్కడుందో చూద్దాం. కింద చెప్పేవన్నీ చేతిలెక్క అంకెలు. మీ మోటార్ వాట్లు, మీ బాడీ బరువు పెట్టుకుని మళ్లీ వేసుకోండి.

మామూలు మోటార్, పంపు కలిపి 170 వాట్లు అనుకుందాం. మార్చి నుంచి జూన్ దాకా 120 రోజులు, రోజుకు 8 గంటలు అంటే 960 గంటలు. సుమారు 163 యూనిట్లు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఏటా ఇచ్చే గ్రిడ్ లెక్క ప్రకారం మన దేశంలో యూనిట్ కరెంటుకు ఇటీవలి ఏళ్లలో 0.7 కిలోల అటూ ఇటూగా కార్బన్ డయాక్సైడ్ వస్తోంది. అంటే ఒక్క వేసవికి 114 కిలోలు, ఏడేళ్లకు దాదాపు 800 కిలోలు. ఇక కూలర్ తయారీ. ప్లాస్టిక్, రాగి, మోటార్‌లోని ఉక్కు రేకులు, ప్యాడ్, అట్టపెట్టె అన్నీ కలిపినా 35 కిలోలు అనుకోవచ్చు. తయారీది గోరంత, వాడకానిది కొండంత.

బీఎల్‌డీసీతో మొత్తం 80 వాట్లకు దిగితే వేసవికి 86 యూనిట్లు, 60 కిలోలు మిగులుతాయి. మీరు గర్వంగా చెప్పుకుంటున్న రీసైకిల్డ్ బాడీ సంగతి చూడండి. 7 కిలోల కొత్త పాలీప్రొపిలీన్ (పీపీ) ప్లాస్టిక్‌కు కిలోకు 2 చొప్పున 14 కిలోల కార్బన్. రీసైకిల్డ్ అయితే 6 కిలోలు. మిగిలేది 8 కిలోలు, అదీ కూలర్ జీవితం మొత్తానికి. ఆ ఎనిమిది కిలోలను బీఎల్‌డీసీ మోటార్ 16 రోజుల్లో మిగిల్చేస్తుంది. మార్చి 16కల్లా లెక్క సరి.

ఇది చూసి రీసైకిల్డ్ ప్లాస్టిక్ మానేయమంటున్నానని అనుకోకండి. ఆ ఎనిమిది కిలోల కోసం ఎంత రిస్కు నెత్తిన పెట్టుకుంటున్నారో తెలిసి పెట్టుకోండి అంటున్నాను.

ఏడేళ్లు నిలవాల్సిన బాడీ మూడో ఏడే పగిలిందనుకోండి. నాలుగేళ్ల ఆయుష్షు పోయినట్టే. తయారీలో పోసిన 35 కిలోల్లో ఏడింట నాలుగు వంతులు, అంటే 20 కిలోలు దండగ. ఒక్కో కూలర్‌కు లాభం 8, పగిలినదానికి నష్టం 20. వందలో 40 కూలర్లు అలా పగిలితే గానీ కార్బన్ పరంగా మీరు నష్టపోరు. బాగానే ఉంది కదా అనిపిస్తుంది. ఇప్పుడు అదే వరుసలో రూపాయలు చూడండి. రీసైకిల్డ్ దానాలో (అచ్చులో పోసే ప్లాస్టిక్ గుళికల్లో) కిలోకు 25 రూపాయలు కలిసొస్తే 7 కిలోలకు 175. వారంటీలో బాడీ మార్చాల్సి వస్తే కొత్త బాడీ, రవాణా, సర్వీసు మనిషి కలిపి 1,500 అవుతుందనుకుందాం. వందలో 12 పగిలితే చాలు, మీకు మిగిలిందంతా పోతుంది. అంటే పర్యావరణం పరంగా మీ హద్దు 40 శాతం, డబ్బు పరంగా 12 శాతం. విడివిడి షీట్లలో ఈ రెండు అంకెలు ఎప్పటికీ ఎదురుపడవు. ఒకచోట పెడితే టెస్టింగ్‌లో దేన్ని లక్ష్యంగా పెట్టుకోవాలో తెలుస్తుంది. సహజంగానే 12 కంటే బాగా కిందికి.

ఇక్కడే ఇంకో కాలమ్ కావాలి, "ఎవరి జేబు" అని. మీ వారంటీ ఏడాదే అనుకోండి. మూడో ఏడు పగిలిన బాడీ ఖర్చు మీ పుస్తకాల్లో సున్నా. కొన్నవాళ్ల జేబులోంచి పోతుంది, చెత్త మాత్రం జవహర్‌నగర్ డంపింగ్ యార్డు వైపు పోతుంది. మీ షీట్లో రిస్కు లేనట్టు కనిపిస్తున్న చాలా వరుసలు నిజానికి వేరేవాళ్ల నెత్తికి ఎత్తినవే. కొనుగోలుదారు తెలివైనవాడైతే ముందు అడిగేది ఇదే.

బాడీ దగ్గరే ఇంకాసేపు ఉందాం, ఎందుకంటే మార్చలేని నిర్ణయాల్లో మొదటిది ఇదే. మీ ప్రశ్నలో ఒకచోట ఏబీఎస్ (ఇంకో రకం ప్లాస్టిక్) అని, ఇంకోచోట పీపీ అని రాశారు. ఇది డై చేసేవాళ్లతో కూర్చునే ముందే తేలాలి. అచ్చులో పోశాక చల్లారేటప్పుడు ఏబీఎస్ 0.4 నుంచి 0.7 శాతం దాకా ముడుచుకుంటుంది. పీపీ 1.5 నుంచి 2 శాతం దాకా ముడుచుకుంటుంది. అర మీటరు ప్యానెల్ మీద ఆ తేడా ఐదారు మిల్లీమీటర్లు వస్తుంది. ఏబీఎస్ కోసం చేసిన డైలో తర్వాత పీపీ పోస్తే తలుపు తలుపులా మూసుకోదు. అప్పుడు డై మళ్లీ చేయించాల్సిందే, అంటే లక్షల్లో మాట. బాలానగర్‌లోనే సీఐటీడీ ఉంది, 1968 నుంచి టూల్ డిజైన్ నేర్పుతున్న సంస్థ. డ్రాయింగు స్థాయిలోనే అక్కడో, తెలిసిన టూల్‌రూమ్‌లోనో చూపించుకోండి.

నన్నడిగితే పీపీయే. కారణం ధర ఒక్కటే కాదు. మార్కెట్లో చవగ్గా దొరికే నల్ల రీసైకిల్డ్ ఏబీఎస్ చాలావరకు పాత టీవీలు, కంప్యూటర్ల డొక్కుల నుంచి వస్తుంది. ఆ కాలంలో మంట అంటుకోకుండా వాటిలో బ్రోమిన్ రసాయనాలు కలిపేవాళ్లు. అందులో పీబీడీఈ లాంటివాటిని ఈ-వేస్ట్ నిబంధనలు 0.1 శాతానికి మించి ఉండొద్దంటున్నాయి. మీరు పర్యావరణం పేరుతో కొన్న దానా వల్లే ఆ పరిమితి దాటే అవకాశం ఉంది. పైగా దాని మీదుగా వచ్చే గాలి పిల్లలు పడుకునే గదిలోకి వెళ్తుంది. ఎక్స్‌ఆర్‌ఎఫ్ (ఎక్స్-రే కిరణాలతో పరీక్షించే) మిషన్‌తో బ్రోమిన్ ఉందో లేదో నిమిషాల్లో తెలుస్తుంది. అనుమానం వస్తే పూర్తి పరీక్ష చేయించాలి. చర్లపల్లిలో కేంద్ర ప్రభుత్వ ప్లాస్టిక్ సంస్థ సిపెట్ ఉంది, ప్లాస్టిక్ పరీక్షలకు దూరం పోనక్కర్లేదు.

పీపీలోనూ జాగ్రత్తలున్నాయి. కాటేదాన్ వైపు రీప్రాసెసింగ్ యూనిట్ల దగ్గర ఒక లాట్ బాగుంటుంది, తర్వాతి లాట్‌లో పాలిథిన్ కలిసిపోయి వస్తుంది. చూడటానికి దానా ఒకేలా ఉంటుంది, బాడీ అయ్యాక మూలల్లో, అతుకు గీతల దగ్గర విరుగుతుంది. ప్రతి లాట్‌కు మెల్ట్ ఫ్లో (కరిగాక ఎంత తేలిగ్గా పారుతుందో చెప్పే అంకె), బూడిద శాతం, తేమ రాసిచ్చేవాళ్ల దగ్గరే కొనండి. ఇవ్వనివాళ్ల దగ్గర ఎంత తక్కువకైనా వద్దు. మన దగ్గర కూలర్‌ను కిటికీ బయట స్టాండు మీద పెడతారు, రోజంతా ఎండలో ఉంటుంది. యూవీ స్టెబిలైజర్ (ఎండకు పాడవకుండా కలిపే పదార్థం) లేని పీపీ రెండు ఎండాకాలాలకే పొడిబారి పొట్టు రాలుతుంది. ఆ స్టెబిలైజర్ ఖర్చు కలిపాక మీ 25 రూపాయల ఆదా ఎంతకు దిగుతుందో చూసుకోండి. ఇంకోటి, ముడి చమురు ధర పడిపోయినప్పుడు కొత్త దానా ధర దిగి రీసైకిల్డ్ కంటే చవకైపోయే సందర్భాలూ వస్తాయి. అందుకని ఆ 25ను స్థిరమైన అంకెగా వేయకండి. సున్నా అయితే ఏంటి, మైనస్ 10 అయితే ఏంటి అని కూడా వేయండి. నా దారి చెప్పమంటే, ట్యాంకుకూ బరువు మోసే బేస్‌కూ కొత్త పీపీ, ముందు గ్రిల్‌కూ వెనక ప్యానెళ్లకూ రీసైకిల్డ్. కాస్త విరిగినా మార్చుకోగలిగే భాగాల్లోనే ఆ రిస్కు ఉంటుంది.

ప్రతి భాగం లోపలివైపు ప్లాస్టిక్ రకం గుర్తు డైలోనే చెక్కించండి. ఖర్చు దాదాపు ఉండదు, రేపు విడదీసేవాడికి పని తేలిక. పెయింటు, అతికించిన రేకులు వద్దు.

రెండో మార్చలేని నిర్ణయం మోటార్ కూర్చునే చోటు. మీరు ఇది రిస్కు జాబితాలోనే పెట్టలేదు. బీఎల్‌డీసీ గురించి "బోర్డు (మోటార్‌ను నడిపే ఎలక్ట్రానిక్ సర్క్యూట్) కాలిపోవడం" అని ఒక వరుస రాసి, మార్కులు తక్కువ వేసి వదిలేశారు. ఊళ్లో జరిగేది చెప్తాను. రెండో వేసవి, మే నెల మధ్యలో, ఓల్టేజీ ఎగిరి బోర్డు పోతుంది. కంపెనీ బోర్డు రావడానికి పది రోజులంటారు. ఆ ఎండల్లో పది రోజులు ఎవరాగుతారు? వీధి చివర మెకానిక్ వస్తాడు, ట్రూప్ బజార్ నుంచి మామూలు మోటార్ తెచ్చి, నాలుగు బోల్టులకు రంధ్రాలు వేసి బిగించేస్తాడు. కూలర్ తిరుగుతుంది. పై లెక్కలో వేసవికి 60 చొప్పున ఏడేళ్లకు 420 కిలోల ఆదా అనుకున్నాం. అందులో 100 అయింది, మిగతా 320 ఆ సాయంత్రంతో పోయింది. రీసైకిల్డ్ బాడీ మిగిల్చే 8 కిలోల గురించి మీరు నాలుగు పేజీలు రాశారు. ఈ 320 కిలోల గురించి ఒక వరుస.

దీనికి మందు డిజైన్‌లోనే ఉంది. బోర్డును మోటార్‌లో కలిపి రెసిన్ పోసి మూసేయకుండా విడిగా, తడి తగలని పైభాగంలో, రెండు స్క్రూలు తీస్తే వచ్చేలా పెట్టండి. కనెక్టరు ఒక్కటే ఉండాలి. ఓల్టేజీ ఒక్కసారిగా ఎగిరితే తట్టుకునే భాగం బోర్డు మీద తప్పనిసరి, అక్కడ పది రూపాయలు కక్కుర్తి పడొద్దు. విడి బోర్డును మీ డీలర్ల దగ్గరే కాదు, రాణిగంజ్, ట్రూప్ బజార్ షాపుల్లోనూ దొరికేలా చూడండి. మెకానిక్‌కు మామూలు మోటార్ కంటే మీ బోర్డు మార్చడమే సులువైన పని కావాలి.

ఇంకో చిన్న విషయం, అయస్కాంతాలు. మీ సప్లయర్ కొటేషన్లో నియోడిమియం (రేర్ ఎర్త్ లోహంతో చేసే బలమైన అయస్కాంతం) అని ఉంటే ఒకసారి ఆగండి. 2025 ఏప్రిల్‌లో చైనా డిస్ప్రోసియం, టెర్బియం లాంటి కొన్ని రేర్ ఎర్త్ లోహాల ఎగుమతులకు, అవి కలిసిన అయస్కాంతాలకు కూడా లైసెన్సు పెట్టాక ఇక్కడి ఆటో కంపెనీలకే ఊపిరాడలేదు. కూలర్ మోటార్‌కు అంత బలం అక్కర్లేదు. మామూలు ఫెరైట్ అయస్కాంతంతో మోటార్ కాస్త లావవుతుంది, అంతే. లావవుతుంది కాబట్టి ఆ చోటు ఇప్పుడే వదలాలి. డై అయ్యాక వదలడం కుదరదు.

బీఎల్‌డీసీలో డబ్బు రిస్కు మీ కొనుగోలుదారుకు ఇలా చూపించండి. మీ తయారీలో 700 ఎక్కువైతే, మార్జిన్లన్నీ కలిసి షాపులో 1,400 ఎక్కువవుతుంది. యూనిట్ ఆరున్నర రూపాయలు వేసుకుంటే వేసవికి మిగిలేది 560. రెండున్నర వేసవుల్లో తిరిగొస్తుంది. కానీ ఇదంతా 8 గంటల మీద నడుస్తోంది. రాత్రి 4 గంటలే వేసే ఇంట్లో ఐదు వేసవులు పడుతుంది. మొత్తం రిపోర్టులో నిర్ణయాన్ని తిరగేయగల అంకె ఏదైనా ఉందంటే అది ఈ వాడకం గంటలే, ప్లాస్టిక్ శాతం కాదు. దాన్ని ఊహించకండి. కొన్ని ఇళ్లలో చిన్న మీటర్లు పెట్టి ఒక వేసవి చూడండి. వేసవి దాటిపోయిందంటే పాత కస్టమర్లకు ఫోన్లు చేసి అడిగినా ఊహ కంటే నయం.

నీళ్ల సంగతి. ఇది హైదరాబాద్‌కు ప్రత్యేకం, మీ షీట్లో బొత్తిగా లేదు. గంటకు 4 లీటర్లు ఆవిరైతే వేసవికి 3,840 లీటర్లు. జలమండలి 5,000 లీటర్ల ట్యాంకర్‌లో ముప్పాతిక. ఈ నగరానికి నాగార్జునసాగర్ నుంచీ ఎల్లంపల్లి నుంచీ వంద కిలోమీటర్లకు పైగా పంపు చేసి నీళ్లు తెస్తున్నారు. వేసవిలో నిజాంపేట, మియాపూర్ వైపు చాలా అపార్ట్‌మెంట్లు బోరు మీదా ట్యాంకర్ల మీదా బతుకుతాయి. మన నేల గ్రానైట్, బోరు నీళ్లు గట్టివి. కాఠిన్యం లీటరుకు 500 మిల్లీగ్రాములు అనుకోండి. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 వేరే నీళ్లు దొరకనప్పుడు అనుమతించే హద్దు 600, కాబట్టి ఇదేమీ విపరీతమైన అంకె కాదు. 3,840 లీటర్లు ఆవిరైతే వెనక మిగిలే లవణం దాదాపు రెండు కిలోలు. నీళ్లు పైకి పోతాయి, సున్నం పోదు. మీరు బయటికి పారబోయనిదంతా ప్యాడ్ మీదో, ట్యాంకు అడుగునో, పంపులోనో కూర్చుంటుంది.

హనీకూంబ్ ప్యాడ్ మూడు వేసవులు నిలుస్తుందని మీ సప్లయర్ చెప్పింది మంచి నీళ్లకు. గట్టి నీళ్లకు దాని సన్నని గొట్టాలు ముందు మూసుకుంటాయి. అప్పుడు గాలి తగ్గుతుంది, జనం ఫ్యాన్ స్పీడు పెంచుతారు, మోటార్‌లో మిగిలిన కరెంటు అక్కడ పోతుంది. ప్యాడ్ సెట్టు 700 రూపాయలు, గడ్డి సెట్టు 120 అనుకుంటే, మూడేళ్లకు 700 ఎదురు 360. కాస్త ఎక్కువే అయినా చల్లదనం బాగుంటుంది కాబట్టి ఒప్పుకోవచ్చు. అదే ప్యాడ్ ఏడాదికే పోతే 2,100 ఎదురు 360. పాడైన హనీకూంబ్ రెసిన్ పట్టిన కాగితం, గడ్డిలా కుళ్లిపోదు.

అందుకే మూడో నిర్ణయం ప్యాడ్ రకం కాదు, ప్యాడ్ ఫ్రేమ్ లోతు. గడ్డి జాలీ, హనీకూంబ్ రెండూ పట్టేలా ఫ్రేమ్ చేస్తే బోరు నీళ్ల ఇంటివాళ్లు గడ్డి వేసుకుంటారు. నల్లాలో మంజీరా నీళ్లు వచ్చేవాళ్లు హనీకూంబ్ పెట్టుకుంటారు. రిస్కును కాగితం మీద అంచనా వేయడం కంటే దాన్ని కస్టమర్ చేతిలో మార్చుకునే వీలుగా పెట్టడం చాలాసార్లు చవక. ఆ కాస్త లోతు డైలో ఉండాలి.

నాలుగోది ట్యాంకు అడుగు వాలు, డ్రెయిన్ ప్లగ్. నీళ్లు మొత్తం బయటికి పోయేలా అడుగు ఒక మూలకు వాలి, ప్లగ్ సరిగ్గా ఆ మూలలో ఉండాలి. మార్కెట్లో చాలా కూలర్లకు ప్లగ్ అడుగుకంటే ఒక వేలు ఎత్తున ఉంటుంది, ఆ వేలెడు నీళ్లు ఎప్పటికీ అక్కడే. సున్నం పేరుకోవడం ఒకటైతే, దోమలు రెండోది. డెంగీ మోసే ఏడిస్ దోమ గుడ్డు నుంచి ఎగిరే దాకా రావడానికి వారం, పది రోజులు చాలు. జూన్ చివర్లో వానలు పడి కూలర్ ఆపేశాక ఆ నీళ్లు అలాగే ఉంటాయి, సరిగ్గా డెంగీ కాలం మొదలయ్యేది అప్పుడే. జీహెచ్ఎంసీ వాళ్లు ఇంటింటికీ వచ్చి కూలర్ ట్యాంకులు చూసేది ఇందుకే. ఇది ఏ కార్బన్ లెక్కలోనూ కనబడదు. సాఫ్ట్‌వేర్ చెప్పదు. నా దృష్టిలో మాత్రం ఇది మీ కూలర్‌కున్న పెద్ద పర్యావరణ రిస్కుల్లో ఒకటి. తీసేయడానికి అయ్యే ఖర్చు డ్రాయింగులో ఒక గీత మార్చడం.

మిగతావి తర్వాత మార్చుకోవచ్చు కాబట్టి గబగబా చెప్తాను. ప్యాకింగ్: అర కిలో థర్మోకోల్ మానేస్తే ఒకటిన్నర కిలోల కార్బన్ తగ్గుతుంది. అట్ట ప్యాకింగ్ వల్ల వందలో నాలుగైదు కూలర్లు అదనంగా దారిలో పగిలి మూలన పడితే ఆ లాభం పోయినట్టే, ఎందుకంటే ఒక్కోటి 35 కిలోలు. గోడౌన్ తేమలో అట్ట మెత్తబడుతుందని కూడా గుర్తుంచుకుని పడేసి చూడండి, లారీలో వరంగల్ దాకా పంపి చూడండి. కుదరకపోతే నెలలో మార్చేయొచ్చు, టెన్షన్ వద్దు.

ఈ-వేస్ట్ బాధ్యత: 2022 నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. పాత జాబితాలో 21 రకాల వస్తువులుంటే ఇప్పుడు 106. మీ వస్తువు ఏ కోడ్ కిందికొస్తుందో చూసుకుని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి (సీపీసీబీ) పోర్టల్‌లో రిజిస్టర్ చేసుకోవాలి. బాధ్యత అమ్మిన బరువు మీదా, వస్తువు సగటు ఆయుష్షు మీదా ఆధారపడుతుంది. అంటే ఖర్చులో ఎక్కువ భాగం ఈ ఏడాది కాదు, కొన్నేళ్లకు వచ్చి పడుతుంది. అమ్మే ప్రతి కూలర్ ధరలో కొంత పక్కనపెట్టే వరుస ఇప్పుడే వేయండి. చిన్న కంపెనీలు దీన్ని మర్చిపోయి, అమ్మకాలు పెరిగాక ఒక్కసారిగా ఉలిక్కిపడతాయి. ప్లాస్టిక్ ప్యాకేజింగ్‌కు ఇలాంటి ఉత్పత్తిదారు బాధ్యత (ఈపీఆర్) వేరుగా ఉంది, దాన్నీ చూసుకోండి.

పెట్టె మీద రాతలు: "ఎకో ఫ్రెండ్లీ", "గ్రీన్" అని ఊరికే వేయకండి. 2024 అక్టోబర్‌లో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ గ్రీన్‌వాషింగ్ మీద మార్గదర్శకాలు ఇచ్చింది. అలాంటి మాట వాడితే ఆధారం చూపించాలి. "వెనక ప్యానెళ్లలో రీసైకిల్డ్ పీపీ" అని ఉన్నది ఉన్నట్టు రాయడం మంచిది. నిజం చెప్పాలంటే "ఇన్ని వాట్లు" అని పెద్ద అక్షరాల్లో వేయడమే కొనేవాడికి ఎక్కువ పనికొస్తుంది.

సాఫ్ట్‌వేర్ విషయం. ఈ దశలో కొనొద్దు. పైన వేసినదంతా ఎక్సెల్ పనే. నేర్చుకోవాలని ఉంటే ఓపెన్‌ఎల్‌సీఏ ఉచితం. కొనుగోలుదారు ఎల్‌సీఏకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణాలు ఐఎస్‌ఓ 14040, 14044 పేర్లు ఎత్తితే కంగారు పడకండి. హద్దులు ఎక్కడ గీశారు, అంకెలు ఎక్కడివి, ఏ ఊహలు చేశారు అన్నది దాచకుండా రాయడమే వాటి సారం. ఒక్క జాగ్రత్త, "పోటీ కూలర్ కంటే మాది ఇంత శాతం మేలు" అని బహిరంగంగా చెప్పాలంటే 14044 ప్రకారం బయటి నిపుణుల బృందం సమీక్ష కావాలి. ఆ ఖర్చు మీ మొత్తం డిజైన్ బడ్జెట్‌ను మింగేస్తుంది. కాబట్టి మీ పాత మోడల్‌తోనే పోల్చుకోండి, అదీ లోపలి వాడకానికి.

రిపోర్టు రెండు పేజీలు చాలు. నాలుగు మార్చలేని నిర్ణయాలు పైన. ఒక్కోదానికి తక్కువ, మధ్య, ఎక్కువ అని మూడు అంకెలు, కార్బన్‌లోనూ రూపాయల్లోనూ. పక్కనే "ఎవరి జేబు", ఆ పక్కన "ఏ అంకె ఎంతకు మారితే మా నిర్ణయం మారుతుంది". బాడీకి అది వందలో 12 పగలడం. మోటార్‌కు రోజుకు 4 గంటల వాడకం. ప్యాడ్‌కు నీళ్ల కాఠిన్యం. చాలా రిపోర్టుల్లో ఈ చివరి కాలమ్ ఉండదు, నేనైతే ముందు చదివేది అదే.

డై ఆర్డర్ ఇచ్చే ముందు నమూనాలు చేసుకునే వీలున్న రాయదుర్గం టీ-వర్క్స్‌లోనో, తెలిసిన వర్క్‌షాపులోనో చేత్తో కొన్ని నమూనాలు చేయించి, సగం బోరు నీళ్ల ఇళ్లలో, సగం మంజీరా నీళ్ల ఇళ్లలో పెట్టండి. ఆఫీసులో ఆర్‌ఓ నీళ్లు పోసి చేసిన టెస్టు లెక్కలోకి రాదు. వేసవి అయ్యాక ప్యాడ్లు తూకం వేయండి, మీటర్లు చూడండి, బోర్డులు విప్పి తేమ ఎక్కడిదాకా వెళ్లిందో చూడండి. ఈ టెస్టు వల్ల డై ఒక సీజన్ వెనక్కిపోతుందని మీ భాగస్వామి ఒప్పుకోకపోవచ్చు. ఒక సీజన్ అమ్మకాలు ఎంత, డై మళ్లీ చేయించడం ఎంత అన్న రెండు అంకెలు ఆయన ముందు పెట్టండి. ఒకవేళ అమ్మకాల అంకే పెద్దదైతే ఆయన మాటే కరెక్ట్. అప్పుడు ట్యాంకు, బేస్ డైలు మాత్రం ఇప్పుడు చేయించి, ప్యాడ్ ఫ్రేమ్, మోటార్ ప్లేట్ ఈ ఏడాదికి రేకుతో చేసి నడిపించండి. ప్లగ్ మూల మాత్రం ఈలోపే డ్రాయింగులో సరిచేయండి. మీ మోటార్ కొటేషన్, దానా సప్లయర్ ఇచ్చిన టెస్టు కాగితం ఇక్కడ పెడితే ఆ రెండు వరుసల అంకెలు చూసి చెప్తాను.